ఆది జాకెట్టు ముందు, కత్తెర తర్వాత: బోర్డు కోసం పీసీ మీద కంపైల్ చేయడం ఎలా

గుంటూరులో ఏ దర్జీ దగ్గరికి వెళ్లినా గుడ్డ చేతిలోకి తీసుకోకముందే "ఆది తెచ్చారా?" అని అడుగుతాడు. కొలత జాకెట్టు ఒకటి ఇస్తే చాలు, వేసుకునే మనిషిని ఎప్పుడూ చూడకపోయినా సరిగ్గా కుట్టిస్తాడు. క్రాస్ కంపైలింగ్, అంటే ఒక రకం మిషను మీద కూర్చుని వేరే రకం మిషనులో నడిచే ప్రోగ్రాం తయారుచేయడం, కూడా ఇంతే. కుట్టేది మీ టేబుల్ మీదున్న ఇంటెల్ పీసీ, వేసుకునేది ఎక్కడో గోడకు బిగించిన చిన్న ఆర్మ్ బోర్డు. కంపైలర్ ఇన్‌స్టాల్ అయిందంటే పని అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. రాసిన కోడ్‌ను మిషను భాషలోకి మార్చే కంపైలర్ కత్తెర మాత్రమే. నాకు ఇన్నేళ్లలో తేడా కొట్టిన ప్రతిసారీ లోపం ఆది దగ్గరే ఉంది.

నేను బ్రాడీపేటలో ఒక గదిలో కూర్చుని, మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత, తేమ రాసిపెట్టే బాక్సులు చేస్తుంటాను. బాక్సులో ఉండేది బీగిల్‌బోన్ బ్లాక్. ఒక గిగాహెర్ట్జ్ కార్టెక్స్-ఏ8 ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, పైన డెబియన్ 12. సెన్సార్లు ఆర్ఎస్-485 వైరు మీద మాడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడతాయి. పీసీలో ఉబుంటు 24.04. కింద చెప్పేదంతా ఈ జోడీ మీదే. మీ బోర్డు వేరైనా పని వరస మారదు.

కమాండ్లను మనం ఫోన్లో ఒకరికొకరం చెప్పుకునే పద్ధతిలోనే రాస్తున్నాను. "మైనస్" అంటే ఒక అడ్డగీత, "మైనస్ మైనస్" అంటే రెండు.

అసలు అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి. మీ ప్రోగ్రాం రెండు మూడు సీ ఫైళ్లే అయితే బోర్డులోకి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీద, లాగిన్ అయి, అక్కడే జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసుకోండి. దానికి ఇంత హంగామా అక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు, అందులోనూ టెంప్లేట్లు దట్టించినవి వచ్చినప్పుడే ఇబ్బంది. 512 ఎంబీలో కంపైలర్‌కు ఊపిరాడదు, లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ దాన్ని మధ్యలోనే చంపేస్తుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు దాని బదులు వాడే నిల్వ భాగం) పెడితే బిల్డ్ ముగుస్తుంది కానీ బోర్డు మీదున్న ఈఎంఎంసీ అనే నిల్వ చిప్పు అరిగిపోతుంది. పైగా చిన్న మార్పుకు కూడా టీ తాగి రావాల్సిందే. అప్పుడు పీసీకి మారండి.

బోర్డు కొలతలు తీసుకోండి

బోర్డులోకి లాగిన్ అయి నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ ఏ తరం, యూజర్‌ల్యాండ్ (కెర్నల్ పైన నడిచే ప్రోగ్రాములు) 32 బిట్లా 64 బిట్లా, ఫ్లోటింగ్ పాయింట్ హార్డా సాఫ్టా, సీ లైబ్రరీ ఏ వెర్షన్.

'యూనేమ్ మైనస్ ఎం' కొడితే బీగిల్‌బోన్ మీద 'ఆర్మ్‌వీ7ఎల్' అని వస్తుంది. కానీ ఈ కమాండ్‌ను గుడ్డిగా నమ్మకండి, అది చెప్పేది కెర్నల్ సంగతి మాత్రమే. రాస్‌బెర్రీ పై బోర్డుల్లో కెర్నల్ 64 బిట్లుగా ఉండి, పైనున్న ప్రోగ్రాములన్నీ 32 బిట్లుగా ఉండే ఏర్పాటు మామూలే. 'డీపీకేజీ మైనస్ మైనస్ ప్రింట్ మైనస్ ఆర్కిటెక్చర్' కొట్టండి. 'ఆర్మ్‌హెచ్ఎఫ్' అంటే 32 బిట్లు, హార్డ్ ఫ్లోట్. 'ఆర్మ్64' అంటే 64 బిట్లు. 'ఆర్మ్ఈఎల్' అంటే 32 బిట్లు, సాఫ్ట్ ఫ్లోట్ పద్ధతి. ఈ హార్డ్, సాఫ్ట్ గొడవంతా దశాంశ సంఖ్యలను ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కు ఏ రిజిస్టర్లలో పంపాలన్న దాని గురించే. రెండూ ఒకే ప్రోగ్రాంలో కలవవు. కలపబోతే, ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాంగా కుట్టే లింకర్ ఒప్పుకోదు.

ఇక 'ఎల్‌డీడీ మైనస్ మైనస్ వెర్షన్' కొట్టండి. మొదటి వరుసలో గ్లిబ్‌సీ, అంటే ఇందాక చెప్పిన సీ లైబ్రరీ, వెర్షన్ ఉంటుంది. డెబియన్ 12లో 2.36. ఈ అంకె చుట్టూ ఒక పెట్టె గీసుకోండి, ఏడిపించేది ఇదే.

పీసీది కొత్త, బోర్డుది పాత

ఉబుంటులో క్రాస్ కంపైలర్ తెచ్చుకోవడం ఒక్క వరుస పని. 'జీసీసీ మైనస్ ఆర్మ్ మైనస్ లైనక్స్ మైనస్ గ్నూఈఏబీఐహెచ్ఎఫ్' అనే ప్యాకేజీ ఉంది, ఏపీటీతో వచ్చేస్తుంది. పేరు పొడవుగా ఉన్నా అర్థం సులువే. ప్రాసెసర్ ఆర్మ్, ఆపరేటింగ్ సిస్టం లైనక్స్, లైబ్రరీ గ్నూ, ఫంక్షన్లు మాట్లాడుకునే పద్ధతి ఈఏబీఐ, హార్డ్ ఫ్లోట్. చాలా గైడ్లు ఇక్కడితో ఆగి "హలో వరల్డ్" నడిపించి దండం పెట్టేస్తాయి.

నేనూ మొదట అలాగే చేశాను. బిల్డ్ ఒక్క వార్నింగ్ కూడా లేకుండా అయింది. పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఎండలో బండి మీద కోల్డ్ స్టోరేజీకి వెళ్లి బోర్డులో పెడితే, గ్లిబ్‌సీ 2.38 దొరకలేదని ఒకటి, గ్లిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.32 దొరకలేదని ఇంకొకటి, రెండు ఎర్రర్లు వచ్చాయి. నా కోడ్‌లో కొత్త ఫంక్షన్ ఒక్కటీ లేదు. అక్షరాల్లో ఉన్న అంకెను సంఖ్యగా మార్చే మామూలు 'ఎస్‌టీఆర్‌టోల్'. అయితే ఉబుంటు 24.04లో గ్లిబ్‌సీ 2.39 ఉంటుంది. 2.38 నుంచి దాని హెడర్లు (ఏయే ఫంక్షన్లున్నాయో చెప్పే ఫైళ్లు), సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో ఆ పాత పేరును లోలోపల కొత్త సింబల్‌కు, అంటే లైబ్రరీలోని కొత్త పేరుకు, మళ్లిస్తాయి. బోర్డులో ఉన్న 2.36కు ఆ సింబల్ సంగతే తెలియదు. రెండోది జీసీసీ 13తో వచ్చిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ. డెబియన్ 12లో ఉండేది జీసీసీ 12, దాని లైబ్రరీ 3.4.30 దగ్గరే ఆగిపోతుంది.

గుర్తుపెట్టుకోండి. పాత గ్లిబ్‌సీ మీద లింక్ చేసింది కొత్త దాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద లింక్ చేసింది పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. పెద్ద కొలతకు కుట్టి చిన్నవాడికి తొడిగితే జారిపోవడం ఖాయం కదా.

దీనికి మందు, పీసీ లోపల ఒక డెబియన్ 12 గది కట్టుకోవడం. డాకర్ గానీ పాడ్‌మాన్ గానీ వేసుకుని 'డెబియన్ కోలన్ బుక్‌వార్మ్' ఇమేజ్ తెచ్చుకోండి. మీ కోడ్ ఫోల్డర్‌ను 'మైనస్ వీ' ఆప్షన్‌తో లోపలికి చూపించండి. ఈ గదినే కంటైనర్ అంటారు. దాని లోపల వరసగా చేయాల్సినవి:

1. 'డీపీకేజీ మైనస్ మైనస్ యాడ్ మైనస్ ఆర్కిటెక్చర్ ఆర్మ్‌హెచ్ఎఫ్'. ఇక మీదట ఆర్మ్ ప్యాకేజీలు కూడా కావాలని చెప్పడం.
2. 'ఏపీటీ అప్‌డేట్'. మరిచిపోతే తర్వాతిది పనిచేయదు.
3. 'క్రాస్‌బిల్డ్ మైనస్ ఎసెన్షియల్ మైనస్ ఆర్మ్‌హెచ్ఎఫ్' ఇన్‌స్టాల్ చేయడం. కంపైలర్, లింకర్, సీ లైబ్రరీ అన్నీ ఒకే మూటలో వస్తాయి.
4. మీకు కావాల్సిన లైబ్రరీలను పేరు చివర 'కోలన్ ఆర్మ్‌హెచ్ఎఫ్' తగిలించి తెచ్చుకోవడం. నాకైతే 'లిబ్‌మాడ్‌బస్ మైనస్ డెవ్ కోలన్ ఆర్మ్‌హెచ్ఎఫ్', 'లిబ్‌ఎస్‌క్యూలైట్3 మైనస్ డెవ్ కోలన్ ఆర్మ్‌హెచ్ఎఫ్'.
5. బిల్డ్‌ను నడిపించే 'సీమేక్', లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే 'పీకేజీ మైనస్ కాన్ఫిగ్', ఆర్మ్ ప్రోగ్రాములను పీసీ మీద నడిపే 'క్యూఈఎంయూ మైనస్ యూజర్'. వీటికి కోలన్ తగిలించకండి, ఇవి పీసీ మీద నడవాల్సినవి.

ఇవన్నీ ఒక డాకర్‌ఫైల్‌లో రాసి కోడ్‌తో పాటు గిట్‌లో పెట్టండి. మీ పక్క సీటు కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఏ ఉబుంటు ఉన్నా వచ్చే బైనరీకి, అంటే తయారైన ప్రోగ్రాం ఫైలుకు, కొలత మారదు.

మీ బోర్డు మీద డెబియన్ కాకుండా కంపెనీ వాళ్లు యాక్టో తోనో బిల్డ్‌రూట్ తోనో చేసిన సిస్టం ఉంటే ఈ దారి కుదరదు. వాళ్ల ఎస్‌డీకే (ఆ బోర్డుకు సరిపోయే కంపైలర్, లైబ్రరీల మూట) అడిగి తీసుకోండి. యాక్టో ఎస్‌డీకేలో 'ఎన్విరాన్‌మెంట్ మైనస్ సెటప్' అని మొదలయ్యే స్క్రిప్టు ఉంటుంది, దాన్ని టెర్మినల్‌లో 'సోర్స్' చేస్తే అన్నీ సర్దేస్తుంది. ఎస్‌డీకే ఇవ్వని చోట బోర్డు నుంచే 'లిబ్', 'యూఎస్ఆర్ లిబ్', 'యూఎస్ఆర్ ఇంక్లూడ్' ఫోల్డర్లను ఆర్‌సింక్‌తో కాపీ చేసుకుని, 'మైనస్ మైనస్ సిస్‌రూట్' ఆప్షన్‌తో కంపైలర్‌కు చూపాలి. సిస్‌రూట్ అంటే ఈ కాపీయే, అచ్చంగా ఆది జాకెట్టు ఇవ్వడమే. ఇందులో రెండు గోతులున్నాయి. కాపీలోని సింబాలిక్ లింకులు కొన్ని స్లాష్‌తో మొదలవుతాయి, అవి కాపీలోకి కాకుండా మీ పీసీ లైబ్రరీల్లోకి దారి తీస్తాయి. 'సింలింక్స్ మైనస్ ఆర్‌సీ'తో వాటిని సరిచేయండి. రెండోది, ఉబుంటు క్రాస్ కంపైలర్‌కు మీరు సిస్‌రూట్ ఇచ్చినా తన సొంత అలమరలోకి కూడా తొంగిచూసే అలవాటుంది. గ్లిబ్‌సీ తేడా మళ్లీ అక్కడి నుంచే దూరుతుంది.

బండి తీయకముందే పరీక్ష

చిన్న ప్రోగ్రాం ఒకటి కంపైల్ చేయండి. కంపైలర్ పేరు 'ఆర్మ్ మైనస్ లైనక్స్ మైనస్ గ్నూఈఏబీఐహెచ్ఎఫ్ మైనస్ జీసీసీ', మిగతాదంతా మామూలు జీసీసీ లాగే. వచ్చిన బైనరీ మీద 'ఫైల్' కమాండ్ కొడితే 32 బిట్ల ఆర్మ్ అని, ఇంటర్‌ప్రిటర్ 'ఎల్‌డీ మైనస్ లైనక్స్ మైనస్ ఆర్మ్‌హెచ్ఎఫ్ డాట్ ఎస్ఓ డాట్ 3' అని చూపించాలి. 'రీడెల్ఫ్ మైనస్ పెద్ద ఏ' కొడితే సీపీయూ తరం వీ7 అని కనిపిస్తుంది. 'రీడెల్ఫ్ మైనస్ పెద్ద వీ' కొడితే ఏయే గ్లిబ్‌సీ వెర్షన్లు అడుగుతోందో జాబితా వస్తుంది. అందులో మీరు పెట్టె గీసుకున్న అంకె కంటే పెద్దది ఒక్కటి కనిపించినా అక్కడే ఆగండి.

ఆ తర్వాత 'క్యూఈఎంయూ మైనస్ ఆర్మ్' అని కొట్టి పక్కన మీ బైనరీ పేరు ఇవ్వండి. ఆర్మ్ ప్రోగ్రాం మీ ఇంటెల్ పీసీ మీదే నడుస్తుంది. సెన్సార్లు ఉండవు కాబట్టి అంతా పరీక్షించలేరు. కానీ లెక్కలు చేసే భాగం, ఫైళ్లు చదివే భాగం ఇక్కడే తేలిపోతాయి. ఈ ఐదు నిమిషాల పని నాకు ఎన్ని ప్రయాణాలు మిగిల్చిందో లెక్కలేదు.

అసలు ప్రాజెక్టు: సీమేక్

సీమేక్‌కు ఒక టూల్‌చెయిన్ ఫైల్, అంటే ఏ కంపైలర్, ఏ పనిముట్లు వాడాలో చెప్పే ఫైల్, రాయాలి. ముందుగా 'సీమేక్_సిస్టం_నేమ్' అనే వేరియబుల్‌కు లైనక్స్ అని ఇవ్వండి. ఇది రాయగానే సీమేక్‌కు తాను వేరే మిషను కోసం పనిచేస్తున్నానని తెలుస్తుంది. తర్వాత ప్రాసెసర్ పేరు, సీ కంపైలర్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ పేర్లు. కాపీ చేసిన సిస్‌రూట్ వాడేవాళ్లు దాని దారి కూడా ఇచ్చి, వెతికే పద్ధతి చెప్పే వేరియబుల్స్‌లో ప్రోగ్రాములకు 'నెవర్', లైబ్రరీలకూ హెడర్లకూ 'ఓన్లీ' అని పెట్టాలి. అంటే పనిముట్లు మన ఇంట్లోవి, సరుకు మాత్రం వాళ్లింటిది.

పీకేజీ-కాన్ఫిగ్‌తో జాగ్రత్త. 'పీకేజీ_కాన్ఫిగ్_పాత్' అనేది ఉన్న జాబితాకు ఇంకో చోటు కలుపుతుంది, పాతవి అలాగే ఉంటాయి. మనకు కావాల్సింది 'పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్'. ఇది పాత జాబితాను తీసేసి మీరిచ్చిన చోట్లే చూస్తుంది. కంటైనర్‌లో అయితే 'యూఎస్ఆర్ లిబ్' కింద ఆర్మ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని 'పీకేజీకాన్ఫిగ్', దానితో పాటు 'యూఎస్ఆర్ షేర్ పీకేజీకాన్ఫిగ్' ఇవ్వండి. కాపీ సిస్‌రూట్ అయితే 'పీకేజీ_కాన్ఫిగ్_సిస్‌రూట్_డిర్' కూడా కావాలి.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, పొరపాటున పీసీ లైబ్రరీ దొరికితే లింకర్ అరుస్తుంది. "స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్" అని రాసి, చివరికి లైబ్రరీ దొరకలేదంటుంది. చాలామంది ఆ చివరి వరుసే చూసి లైబ్రరీ లేదనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. పైవరుస చదవండి. ఉంది, కానీ మనది కాదు అని అర్థం. లింకర్ కనీసం అరుస్తుంది. హెడర్లయితే నోరు మెదపవు. పీసీ హెడర్‌తో కంపైలై, బోర్డు లైబ్రరీతో లింకైన ప్రోగ్రాం చక్కగా తయారవుతుంది, నడుస్తుంది, ఎప్పుడో ఒక అర్ధరాత్రి చెత్త విలువలు రాస్తుంది. కాబట్టి ఎవరు చెప్పినా సరే, 'మైనస్ పెద్ద ఐ యూఎస్ఆర్ ఇంక్లూడ్' అని చేత్తో రాయకండి.

టూల్‌చెయిన్ ఫైల్‌లో ఏది మార్చినా బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. సీమేక్ క్యాష్ మొండిది, పాత కంపైలర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. పీసీకి ఒక బిల్డ్ ఫోల్డర్, బోర్డుకు ఇంకొకటి పెట్టుకుంటే మేలు.

కాన్ఫిగర్ స్క్రిప్టు ఉన్న పాత లైబ్రరీలు

ఇక్కడ పేర్లే తికమక. 'మైనస్ మైనస్ బిల్డ్' అంటే కంపైల్ జరిగే మిషను. 'మైనస్ మైనస్ హోస్ట్' అంటే ప్రోగ్రాం నడవబోయే మిషను, అంటే మన బోర్డు. 'మైనస్ మైనస్ టార్గెట్' అనేది కంపైలర్లనే తయారుచేసేవాళ్లకు, మీకు దానితో పని లేదు. బోర్డును మనం నోటితో టార్గెట్ అంటాం కదా అని టార్గెట్ ఆప్షన్ ఇచ్చేవాళ్లే ఎక్కువ. అప్పుడు స్క్రిప్టు ఏ గొడవా చేయకుండా ఇంటెల్ బైనరీ చేసి చేతిలో పెడుతుంది.

ఇంకో చిక్కు. కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్న చిన్న ప్రోగ్రాములు నడిపి చూసి సిస్టం గుణాలు తెలుసుకుంటుంది. క్రాస్‌లో నడపలేదు కాబట్టి ఊహిస్తుంది, కొన్నిసార్లు తప్పు ఊహిస్తుంది. పాత లిబ్‌మాడ్‌బస్ సోర్సు కంపైల్ చేసేటప్పుడు 'ఆర్‌పీఎల్_మాలాక్' అనేది దొరకలేదని లింకర్ ఆగిపోయేది ఇందుకే. బోర్డులోని మాలాక్ (మెమరీ అడిగి తెచ్చే ఫంక్షన్) సరైనది కాదేమోనని అనుమానపడి, లేని ప్రత్యామ్నాయాన్ని అడుగుతుంది. 'ఏసీ_సీవీ_ఫంక్_మాలాక్_0_నాన్‌నల్' అనే వేరియబుల్‌కు 'యెస్' ఇచ్చి కాన్ఫిగర్ నడిపితే సరి. ప్యాకేజీ దొరికే లైబ్రరీని సోర్సు నుంచి కంపైల్ చేయడం అనవసరపు శ్రమ అని మాత్రం నా అభిప్రాయం.

బోర్డు మీద నడవకపోతే

ఎస్‌సీపీతో పంపి, నడిపే అనుమతి ఇచ్చి చూడండి. పెన్ డ్రైవ్ వద్దని నా అనుభవం. నడవకపోతే ఎర్రరే దారి చూపిస్తుంది.

"ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వస్తే ఇంటెల్ బైనరీ పంపేశారు, లేదా 32 బిట్ల సిస్టంకు 64 బిట్లది పంపారు. ఫైల్ కళ్లెదుటే ఉండగా "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే టెన్షన్ పడకండి. లేనిది మీ ఫైల్ కాదు, అది అడిగే ఇంటర్‌ప్రిటర్. హార్డ్, సాఫ్ట్ ఫ్లోట్ తేడా వచ్చినప్పుడు ఎక్కువగా ఇదే కనిపిస్తుంది.

"ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" వస్తే ప్రాసెసర్‌కు తెలియని భాషలో మాట్లాడుతున్నారు. రాస్‌బెర్రీ పై జీరో, జీరో డబ్ల్యూ వాడేవాళ్లు దీన్ని చూడకుండా ఉండరు. వాటిలో ఉండేది ఆర్మ్‌వీ6 తరం ప్రాసెసర్. రాస్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్ల వెర్షన్ దాని కోసమే కంపైల్ చేసి, పేరు మాత్రం 'ఆర్మ్‌హెచ్ఎఫ్' అనే పెట్టింది. డెబియన్, ఉబుంటుల్లో అదే పేరుకు అర్థం ఆర్మ్‌వీ7. చొక్కా మీద రెండు కంపెనీలూ 'ఎల్' అనే రాస్తాయి, తొడిగితే గానీ తేడా తెలియదు. 'మైనస్ మార్చ్ ఈక్వల్స్ ఆర్మ్‌వీ6' ఇచ్చినా ఫలితం ఉండదు. మీ కోడ్ వీ6లో వస్తుంది కానీ, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు నడిచే చిన్న ఆబ్జెక్టు ఫైళ్లు టూల్‌చెయిన్‌తో పాటు వీ7లోనే వచ్చాయి. క్రాస్‌టూల్-ఎన్‌జీతో వీ6 కోసం టూల్‌చెయిన్ కట్టుకోవాలి, లేదా జీరో 2 డబ్ల్యూకి మారిపోవాలి. అందులో కార్టెక్స్-ఏ53 ఉంది, ఈ బాధ లేదు. క్యూఈఎంయూకి 'మైనస్ సీపీయూ ఆర్మ్1176' అని ఇస్తే ఈ తప్పు పీసీ మీదే బయటపడుతుంది.

ఏ ఎర్రరూ రాకుండా తప్పు జరిగితే

ఒక ఫిబ్రవరిలో, కొత్త కాయలు వస్తున్న రోజుల్లో, ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని ఫోన్ చేశారు. "ఏమండీ, గదిలో 262 డిగ్రీలని చూపిస్తోంది మీ బాక్సు. నిల్వ పెట్టమంటే వేపుడు చేస్తున్నారేంటి?"

సెన్సారు 8 అని చదువుతుంది, దానికి సవరణ మైనస్ 2, మొత్తం 6 రావాలి. ఆ సవరణను నేను 'చార్' వేరియబుల్‌లో దాచాను. ఇంటెల్ లైనక్స్‌లో చార్‌కు రుణ సంఖ్యలు తెలుసు. ఆర్మ్ లైనక్స్‌లో అది 0 నుంచి 255 దాకానే. మైనస్ 2 కాస్తా 254 అయి, ఎనిమిదితో కలిసి 262 అయింది. పీసీ మీద పరీక్షలన్నీ పాస్, కంపైలర్ నోట మాట లేదు. చార్‌ను అక్షరాలకే వదిలేసి, చిన్న సంఖ్యలకు 'ఇంట్8_టీ' వాడండి. పాత కోడ్ మొత్తం మార్చే ఓపిక లేకపోతే 'మైనస్ ఎఫ్ సైన్డ్ మైనస్ చార్' ఆప్షన్ ఉంది. ఫైల్ నుంచి ఒక్కో అక్షరం చదివే 'ఎఫ్‌గెట్‌సీ' ఫలితాన్ని చార్‌లో పట్టుకుని ఫైల్ చివర కోసం ఎదురుచూసే లూపులూ ఇలాంటివే, ఆర్మ్ మీద అవి ఎప్పటికీ ఆగవు.

సమయం కూడా చూసుకోండి. డెబియన్ 12 ఆర్మ్‌హెచ్ఎఫ్‌లో సమయాన్ని దాచే 'టైం_టీ' ఇంకా 32 బిట్లే. అది 2038 జనవరి 19న, మన టైం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాలు దాటగానే నిండిపోతుంది. ఉబుంటు 24.04 ఆర్మ్‌హెచ్ఎఫ్‌లో మాత్రం 64 బిట్లకు మార్చేశారు. కంటైనర్ వద్దనుకుని రెండింటినీ కలిపితే ఎంత గందరగోళమో ఊహించుకోండి.

చివరి పని: స్ట్రిప్ చేయని కాపీ

బోర్డుకు పంపేముందు 'ఆర్మ్ మైనస్ లైనక్స్ మైనస్ గ్నూఈఏబీఐహెచ్ఎఫ్ మైనస్ స్ట్రిప్' తో డీబగ్ సమాచారం తీసేసి బైనరీని చిన్నది చేయొచ్చు. మామూలు స్ట్రిప్ వాడకండి, అది మీ పీసీది. స్ట్రిప్ చేయని కాపీ మాత్రం పారేయకండి. 'రీడెల్ఫ్ మైనస్ ఎన్' కొడితే బిల్డ్ ఐడీ అని ఒక పొడవాటి అంకె కనిపిస్తుంది, స్ట్రిప్ చేసినా అది మారదు. ఆ అంకె పేరుతో ఫోల్డర్ చేసి, అందులో స్ట్రిప్ చేయని బైనరీ దాచుకోండి. బోర్డు మీద 'జీడీబీసర్వర్', పీసీ మీద తప్పులు వెతికే 'జీడీబీ మైనస్ మల్టీఆర్చ్' నడిపి, దానికి ఈ కాపీ చూపిస్తే క్రాష్ అయిన లైను నంబరుతో సహా చెబుతుంది. బాక్సు మూత లోపల ఆ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు రాసిన చీటీ ఒకటి అతికిస్తాను. గుమస్తా ఫోన్లో అది చదివి వినిపిస్తే, ఏ బైనరీ గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలుస్తుంది.